ఏబది యేండ్ల తలుపులు

ఇటలీ దేశమందలి ఫ్లోరెన్సు పట్టణములో బాప్తిస్మమిచ్చు యోహాను పేరట ఒక ప్రాచీన మందిరము కలదు. దాని కంచు తలుపులు రెండు జతలు చేయుటలోనే లొరెంజో గిబెర్టి తన జీవితములో అధిక భాగము గడిపెను.

ఆయన 1378 ప్రాంతమున జన్మించి, మారుతండ్రి యొద్ద కంసాలి పని నేర్చుకొనెను. 1401లో ఆ పట్టణపు వర్తక సంఘము తలుపుల నిమిత్తము శిల్పులకు పోటీ పెట్టెను. అబ్రాహాము ఇస్సాకును బలి యియ్యబోవు దృశ్యమును ప్రతివాడును ఒక కంచు పలకపై చూపవలెను. ఇరువది యేండ్లు దాటిన గిబెర్టి గెలిచెను. 1403లో పని కుదిరెను.

బొమ్మను ముందు మైనముతో చేసి, మట్టితో కప్పి, కాల్చి, మైనము కరగిపోయిన ఖాళీలో కరగిన కంచు పోయవలెను. పోత చెడినచో మరల మొదటినుండి చేయవలసినదే. క్రీస్తు జీవిత దృశ్యములు మొదలగు 28 పలకలుగల ఆ తలుపులు 1424లో నిలిచెను.

మరుసటి సంవత్సరమే రెండవ జత ఆయనకు అప్పగింపబడెను. ఆదాము మొదలు సొలొమోను వరకు 10 పెద్ద పలకలు. 1437 ప్రాంతమునకు పోత పని ముగిసెను. చూచువారికి పని అయిపోయినట్లే. కాని పోతనుండి వచ్చిన కంచు గరుకుగా నుండును. ఒక్కొక్క ముఖమును, వస్త్రపు మడతను, చెట్టు ఆకును ఉలితోను ఆకురాయితోను తీర్చుటకు మరి పది సంవత్సరములు పట్టెను. పిమ్మట బంగారు పూత. 1452లో పని ముగియునప్పటికి ఆయన డెబ్బది దాటిన వృద్ధుడు. తలుపు చట్రములో తన బట్టతల రూపమును చిన్నదిగా నమర్చి, 1455లో కన్నుమూసెను. ఆ తలుపులకు స్వర్గద్వారములని పేరు వచ్చెను.

1966 వరదలో కొన్ని పలకలు ఊడిపడెను. వాటిని శుద్ధిచేయుటకును పాతిక సంవత్సరములకు పైగా పట్టెను. 2012లో అవి అక్కడి ప్రదర్శనశాలలో ఉంచబడెను. మందిరపు వాకిట ఇప్పుడున్నవి వాటి నకలు.

ప్రియ చదువరులారా, గిబెర్టి తొలి పలకపై చెక్కిన అబ్రాహాము డెబ్బదియైదవ యేట పిలువబడి, నూరవ యేట ఇస్సాకును ఎత్తుకొనెను. పోత పోయువరకు ఉత్సాహముతో పనిచేయువారు అనేకులు. పోత పిమ్మట ఆకురాయి పట్టుకొని కూర్చుండువారు కొద్దిమంది. బిడ్డను పెంచుటయైనను, పాట కట్టుటయైనను, సంఘము నడుపుటయైనను, మన చేతి పనిని గరుకుగానే విడిచి లేచిపోవుచున్నామా? ఈ మాసము దానిని మరల చేత పట్టుకొందము.