వాల్ట్ విట్‌మన్: యుద్ధభేరి మోగించిన కవి.. సైనికుల మంచాల పక్కన ఎందుకు కూర్చున్నారు?

యుద్ధం మీద కవిత అంటే గుర్రాలు, కత్తులు, జెండాలు, వీరమరణాలు. 19వ శతాబ్దంలో ఎక్కువగా నడిచింది ఇదే. 1854లో క్రిమియా యుద్ధంపై ఇంగ్లండ్ ఆస్థాన కవి టెన్నిసన్ రాసిన ఫేమస్ కవిత పేపర్‌లో వచ్చిన వార్త చదివి రాసిందే. అమెరికా కవి వాల్ట్ విట్‌మన్ మాత్రం యుద్ధాన్ని ఆస్పత్రి వార్డుల్లో చూశారు. ఆ తర్వాత ఆయన కవిత్వమే మారిపోయింది.

విట్‌మన్ 1819 మే 31న న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో పుట్టారు. తండ్రి వడ్రంగి. ఇంట్లో డబ్బుల్లేక 11 ఏళ్లకే బడి మానేసి పనిలో చేరారు. ప్రింటింగ్ ప్రెస్‌లో, ఆ తర్వాత టీచర్‌గా, జర్నలిస్టుగా పనిచేశారు. 1855లో సొంతంగా 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' అచ్చు వేయించారు. ఛందస్సు లేని ఆ కవిత్వాన్ని కొందరు మెచ్చుకున్నారు, చాలామంది తిట్టారు.

1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. మొదట్లో విట్‌మన్ కూడా అందరిలాగే ఊపుగా రాశారు. డప్పులు మోగాలి, జనం పనులు ఆపి కదలాలి.. అదే జోరు.

1862 డిసెంబర్‌లో సీన్ మారింది. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో గాయపడినవాళ్ల లిస్టులో తమ్ముడు జార్జ్ పేరులాంటిది పేపర్‌లో కనిపించింది. అక్షరాలు తప్పుగా పడ్డాయి. అయినా విట్‌మన్ వెంటనే బయల్దేరారు. దారిలో జేబు కొట్టేశారు. వాషింగ్టన్ ఆస్పత్రులన్నీ వెతికి, చివరికి వర్జీనియాలోని సైనిక శిబిరానికి చేరారు. జార్జ్‌కు చెంప మీద గాయం అయ్యిందంతే. కానీ అక్కడి ఆస్పత్రి ముందు, చెట్టు కింద, కోసేసిన కాళ్లూ చేతులూ కుప్పగా పడి ఉన్నాయి.

ఆయన ఇంటికి వెళ్లలేదు. వాషింగ్టన్‌లోనే ఉండిపోయి, రోజుకు కొన్ని గంటలు గుమాస్తా పని చేస్తూ మిగతా టైమ్ ఆస్పత్రులకు ఇచ్చారు. సంచిలో పళ్లు, పొగాకు, కాగితాలు, స్టాంపులు, చిల్లర డబ్బులు. ఉత్తరం రాసుకోలేని సైనికుల తరఫున ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేవారు. ఒక ఎండాకాలం ఒక ఆస్పత్రిలో వార్డులన్నింటికీ ఐస్‌క్రీమ్ పంచారు. తనవాళ్లు, శత్రువులు అని చూడలేదు. దక్షిణాది సైనికుల దగ్గరా కూర్చున్నారు. మొత్తం 600 సార్లకు పైగా ఆస్పత్రులకు వెళ్లానని తర్వాత లెక్క చెప్పారు. 1864లో ఆయన ఆరోగ్యమే దెబ్బతింది.

1865లో వచ్చిన 'డ్రమ్ ట్యాప్స్' పుస్తకంలో ఆ రెండు యుద్ధాలూ ఉన్నాయి. ముందు రాసిన డప్పుల కవిత ఉంది, గాయాలకు కట్లు కట్టే ముసలాయన కవితా ఉంది. పిల్లలు ఆ ముసలాయన్ని యుద్ధం కబుర్లు అడుగుతారు. ఆయనకు గుర్తొచ్చేది గెలుపు కాదు.. నెత్తుటి దూది, నీళ్ల గిన్నె, ఒక్కో మంచం.

అదే ఏడాది ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది. దానిపై రాసిన కవితలే విట్‌మన్‌కు ఎక్కువ పేరు తెచ్చాయి. కొన్ని వారాలకే, జూన్‌లో, 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' రాసినందుకు ఆయన ప్రభుత్వ ఉద్యోగం పోయింది. స్నేహితుల సాయంతో మరో ఆఫీసులో చేరారు. 1873లో పక్షవాతం వచ్చింది. 1892 మార్చి 26న న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో, 72 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఆ యుద్ధంలో పోయిన ప్రాణాలు 6 లక్షలకు పైనే. విట్‌మన్ జేబులో పెట్టుకుని తిరిగిన చిన్న నోట్‌బుక్కుల్లో మాత్రం అంత పెద్ద అంకె లేదు. సైనికుడి పేరు, వార్డు, మంచం నంబరు, రేపు అతనికి ఏం తేవాలి.. ఇవే ఉన్నాయి.