ఉద్యోగం పోయింది.. చూపు మిగిలింది

వేసవి ముగిసే రోజులు. దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్ష కోతల సీజన్. పొద్దున్నే తోటకు వెళ్తున్న ముగ్గురు కూలీ ఆడవాళ్లకు దారిలో ఓ మనిషి కనిపించాడు. రాయి మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి అదే రాయి, అదే మనిషి, అదే చూపు. పాపం, మతి చెడినట్టుందని అనుకుంటూ శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయారు. ఆయన చూస్తున్నది నేలలో గూడు కట్టే ఓ కందిరీగ కోసం!

ఆ మనిషి జాన్ ఆన్రీ ఫాబ్ర్. కీటకాల జీవితాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన శాస్త్రవేత్త. డిగ్రీలు చేతిలో ఉన్నా సరైన అవకాశం దొరకట్లేదని దిగులు పడుతున్నవాళ్లు ఆయన కథ ఒకసారి చదవాలి.

నిమ్మకాయలు అమ్మి.. మాస్టారై

ఫాబ్ర్ 1823లో సెయింట్ లియాన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఊరు మార్చి ఊళ్లో కాఫీ హోటల్ పెట్టాడు. ఎక్కడా కలిసిరాలేదు. దాంతో కుర్రాడి చదువు మధ్యలోనే ఆగింది. సంతలో నిమ్మకాయలు అమ్మాడు, రైలు మార్గం పనుల్లో కూలికి వెళ్లాడు. ఆ తర్వాత అవిన్యోన్‌లోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల పోటీ పరీక్ష రాసి, స్కాలర్‌షిప్ సంపాదించాడు. 1842లో కార్పెంత్రాలో టీచర్‌గా చేరాడు. జీతం ఏడాదికి 700 ఫ్రాంకులు.

పగలు పాఠాలు చెప్తూ, మిగిలిన టైమ్‌లో సొంతంగా చదువుకుంటూ గణితం, భౌతికశాస్త్రం డిగ్రీలు పూర్తి చేశాడు. 1849లో కోర్సికా దీవిలో ఫిజిక్స్ టీచర్ పోస్టు వచ్చింది. అక్కడ పరిచయమైన ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు ఆయన మనసును లెక్కల నుంచి మొక్కలవైపు, పురుగులవైపు మళ్లించారు.

పుస్తకంలో ఉన్నదంతా నిజమేనా?

అవిన్యోన్‌కు తిరిగొచ్చాక ఓ రాత్రి లియాన్ దుఫూర్ అనే పెద్దాయన రాసిన వ్యాసం చదివాడు. ఓ రకం కందిరీగ తన పిల్లల కోసం పెంకు పురుగుల్ని వేటాడి గూట్లో దాస్తుంది. అవి ఎన్ని రోజులైనా కుళ్లవు. కందిరీగ ఏదో మందు ఎక్కించి శవాల్ని కాపాడుతోందని దుఫూర్ రాశాడు.

ఫాబ్ర్ దాన్ని చదివి ఊరుకోలేదు. సెప్టెంబరు ఎండలో మట్టి గట్ల దగ్గర కాపు కాశాడు. ముక్కు పురుగుల్ని వేటాడే మరో జాతి కందిరీగను గమనించాడు. గూట్లోంచి తీసిన పురుగులు చావలేదని తేల్చాడు. కందిరీగ సరిగ్గా నరాల ముడి ఉన్నచోట కుడుతోంది. పురుగు బతికే ఉంటుంది కానీ కదల్లేదు. తాను కూడా అదే చోట ఒక చుక్క అమ్మోనియా వేసి చూశాడు. పురుగు చచ్చుబడిపోయింది. 1855లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ మరుసటి ఏడాదే ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ బహుమతి వచ్చింది. డార్విన్ 1859 నాటి తన పుస్తకంలో ఫాబ్ర్ పేరు ప్రస్తావించాడు. పరిణామ సిద్ధాంతాన్ని మాత్రం ఫాబ్ర్ చివరిదాకా ఒప్పుకోలేదు.

దెబ్బ మీద దెబ్బ

పేరు వచ్చింది, డబ్బు రాలేదు. డాక్టరేట్ ఉన్నా జీతం 1,600 ఫ్రాంకుల దగ్గరే ఆగింది. యూనివర్సిటీ ప్రొఫెసర్ కావాలని ఉండేది. ఆస్తి లేనివాడు ఆ ఆశ పెట్టుకోకూడదని ఓ ఇన్‌స్పెక్టర్ తేల్చి చెప్పాడు. సరే, ఆస్తే సంపాదిద్దామని ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ జాతి మొక్క వేళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. రంగు తీసే మెరుగైన పద్ధతి కనిపెట్టాడు. అంతలో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అదే రంగును కృత్రిమంగా తయారుచేశారు. కొత్త టెక్నాలజీ రాగానే ఆయన కష్టమంతా వృథా అయింది.

తర్వాత సాయంకాలాల్లో జనానికి ఉచితంగా సైన్స్ పాఠాలు చెప్పాడు. పువ్వుల్లో ఫలదీకరణం గురించి ఆడపిల్లల ముందు మాట్లాడాడని ఊళ్లో ఛాందసులు గొడవ చేశారు. 1870లో ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు. ఉద్యోగమూ వదులుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు దాదాపు 47 ఏళ్లు, అయిదుగురు పిల్లలు. ఆదుకున్నది మిత్రుడు జాన్ స్టూవర్ట్ మిల్. ఇద్దరూ కలిసి అడవి మొక్కల కోసం తిరిగేవారు. ఆ తత్వవేత్త కాగితం ముక్క కూడా రాయించుకోకుండా 3,000 ఫ్రాంకులు ఇచ్చాడు. ఫాబ్ర్ మొత్తం తీర్చేశాడు.

బీడులో ప్రయోగశాల

ఇక కలమే జీవనాధారం. పిల్లలకు అర్థమయ్యేలా రసాయనం, ఖగోళం, వ్యవసాయం మీద పదుల సంఖ్యలో పాఠ్యపుస్తకాలు రాశాడు. ఆ ఆదాయంతో 1879లో సెరిన్యాన్ ఊరి చివర ఓ ఇల్లు, దాంతోపాటు బీడు భూమి కొన్నాడు. దాన్ని హర్మాస్ అనేవారు. ఆ ప్రాంతపు భాషలో రాళ్లూ ముళ్లకంపలూ నిండిన పనికిరాని నేల అని అర్థం. రైతుకు దండగ. కందిరీగలకు మాత్రం స్వర్గం! అప్పటికి ఆయనకు 55 ఏళ్లు.

ఎండాకాలమంతా పురుగులు. వానలు పడ్డాక పుట్టగొడుగులు. మొక్కల్లా వాటిని ఎండబెట్టి దాచితే రంగూ రూపూ పోతాయి. అందుకే నీటి రంగులతో బొమ్మలు గీశాడు. అలా వందల చిత్రాలు తయారయ్యాయి. పేడపురుగు గుడ్డు ఎక్కడ పెడుతుందో తేల్చడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. చివరికి ఆ ఆచూకీ తెచ్చిచ్చింది ఓ గొర్రెల కాపరి కుర్రాడు. కీటకాల మీద 1879 నుంచి 1907 వరకు పది సంపుటాలు రాసి, 1915లో 91 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

మనం ఏం తీసుకోవాలి?

ఇష్టమైన పని చేస్తే డబ్బు దానంతటదే వస్తుందని ఈ జీవితం చెప్పదు. ఫాబ్ర్‌కు అలా రాలేదు. ఇంటి ఖర్చుకు టీచర్ ఉద్యోగం, ట్యూషన్లు, పాఠ్యపుస్తకాలు.. దొరికినవన్నీ చేశాడు. కానీ తనదైన పనిని రోజుకు కొంతైనా వదల్లేదు. చదివినదాన్ని స్వయంగా పరీక్షించడం, ఒకేచోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం, చూసింది చూసినట్టు రాసుకోవడం.. ఆయన అసలు అర్హతలు ఇవే. రంగుల వ్యాపారాన్ని కృత్రిమ రంగు తీసుకెళ్లింది. ఉద్యోగాన్ని ఊరు తీసుకెళ్లింది. ఈ అలవాట్లను మాత్రం ఎవరూ తీసుకెళ్లలేకపోయారు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే నెలల్లో మీరు సంపాదించుకోగలిగిందీ అలాంటిదే.