కంచులో మిగిలిన సుల్తాన్ ఫాతిహ్ ముఖం

హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర దుర్రె షెహ్వార్ ఆస్పత్రి అంటే తెలియనివారు తక్కువ. ఆ పేరు చివరి ఉస్మానీ ఖలీఫా అబ్దుల్ మజీద్ గారి కూతురిది. 1931లో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాహ్‌తో నికాహ్ జరిగి ఆమె మన హైదరాబాద్ కోడలయ్యారు. ఆమె పూర్వీకుల్లో ఒకరు సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్. ఇస్తాంబుల్ విజేతగా ఆయన కథ మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. కానీ ఆయన ముఖం ఎలా ఉండేదో ఈరోజుకీ మనకు తెలియడానికి పెద్ద కారణం కొన్ని కంచు పతకాలు. ఆ సంగతి చాలామందికి తెలియదు.

ఫాతిహ్ 1432 మార్చి 30న ఎదిర్నెలో పుట్టారు. తండ్రి సుల్తాన్ మురాద్. చిన్నప్పుడు చదువంటే గిట్టేది కాదట, ఉస్తాద్ ముల్లా గురానీ బెత్తం పట్టాకే దారికొచ్చారని చెబుతారు. 1444లో, పన్నెండేళ్ల వయసులోనే తండ్రి గద్దె అప్పగించారు. రెండేళ్లకే తండ్రి మళ్లీ పగ్గాలు తీసుకోవాల్సి వచ్చింది. 1451లో తండ్రి ఇంతికాల్ తర్వాత రాజ్యం పూర్తిగా ఆయన చేతికొచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1453 మే 29న కాన్‌స్టాంటినోపుల్ గెలిచారు. అప్పటికి వయసు ఇరవై ఒకటే. ఆ నగరంలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సమాధి దగ్గర మస్జిద్ కట్టించారు. 1463 నుంచి 1470 వరకు తన పేరు మీద పెద్ద మస్జిద్, చుట్టూ మదర్సాలు, ఆస్పత్రి, పేదలకు అన్నం పెట్టే లంగర్ కట్టించారు.

అదే మనిషికి ఇంకో మక్కువ కూడా ఉండేది. ఆయన చిన్ననాటిదని చెప్పే ఒక పుస్తకం తోప్‌కాపీ మహలులో ఉంది. దాని నిండా మనుషుల తలలు, గుర్రాలు, పక్షుల గీతలే. ఆ రోజుల్లో ఇటలీలో కొత్త అలవాటు మొదలైంది. ముందు మైనంతో మనిషి ముఖం చేస్తారు, దానికి అచ్చు తీసి కరిగిన కంచు పోస్తారు. ఒక పక్క ముఖం, రెండో పక్క ఆ మనిషి గొప్పతనం చెప్పే బొమ్మ. ఇది ఖర్చుపెట్టే నాణెం కాదు. అయినవాళ్లకు, దోస్తులకు గుర్తుగా ఇచ్చుకునేది. పుచ్చుకున్నవాళ్లు భద్రంగా దాచుకునేవారు.

1461లో ఇటలీ పాలకుడు మలాతెస్తా, పతకాల పనిలో పేరున్న మత్తెయో దె పాస్తిని ఫాతిహ్ దగ్గరికి పంపాడు. దారిలో క్రీట్ దీవిలో వెనిస్ వాళ్లు పట్టుకుని వెనక్కి పంపేశారు. 1479లో వెనిస్‌తో పదహారేళ్ల యుద్ధం ముగిసింది. ఇక సుల్తానే మంచి చిత్రకారుణ్ని పంపమని వెనిస్‌ను అడిగారు. జెంతిలే బెల్లినీ వచ్చి ఆయన బొమ్మ గీశాడు, పతకమూ చేశాడు. పతకం వెనుక పక్క మూడు కిరీటాలు. నేపుల్స్ రాజు పంపిన కొస్తాంజో చేసిన పతకంలో సుల్తాన్ గుర్రం మీద కనిపిస్తారు.

అన్నిటికన్నా మనసుకు హత్తుకునే పతకం ఫ్లోరెన్స్‌ది. 1478 ఏప్రిల్ 26న అక్కడి పెద్ద చర్చిలో లొరెంజో మెదీచీ కళ్లముందే అతని తమ్ముడు జూలియానోను పొడిచి చంపారు. లొరెంజో మెడకు గాయంతో బతికి బయటపడ్డాడు. హంతకుల్లో ఒకడైన బాందీనీ పారిపోయి ఇస్తాంబుల్ చేరాడు. సుల్తాన్ వాణ్ని పట్టించి, సంకెళ్లతో ఫ్లోరెన్స్‌కు అప్పగించారు. 1479 డిసెంబర్‌లో వాడికి ఉరి పడింది. బెర్తోల్దో అనే శిల్పి ఫాతిహ్ ముఖంతో చేసిన కంచు పతకం లొరెంజో కృతజ్ఞతగా చేయించిందేనని చరిత్రకారులు భావిస్తారు. వేరే మతం, వేరే దేశం, పైగా 1480లో ఉస్మానీ సేనలు ఇటలీలోని ఒత్రాంతోను గెలిచాయి కూడా. అయినా తమ్ముణ్ని పోగొట్టుకున్న అన్నకు ఇన్సాఫ్ ఆ దర్బారు నుంచే దొరికింది.

1481 మే 3న కొత్త దండయాత్రకు బయల్దేరిన ఫాతిహ్ గెబ్జె దగ్గర డేరాలోనే కన్నుమూశారు. వయసు 49. తర్వాత గద్దెనెక్కిన కొడుకు బాయజీద్ దీన్‌లో గట్టివాడు. తండ్రి పెట్టించిన బొమ్మలను మహలు నుంచి తీయించి బజారులో అమ్మించేశాడని చెబుతారు. ప్రాణమున్నవాటి బొమ్మలను ఉలమాలు ఒప్పుకోరు గనుక కొడుకు చేసింది ఆశ్చర్యమేమీ కాదు. ఫాతిహ్ గొప్పతనం చెప్పేటప్పుడు ఈ విషయం దాచాల్సిన పనీ లేదు.

బెల్లినీ గీసిన బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీ సొత్తు. తర్వాతివాళ్లు దానిమీద ఎన్నోసార్లు రంగు పూశారు, అసలు గీత మిగిలింది కొంచెమే. పతకాలు మాత్రం ఒకటికి నాలుగు పోతపోసినవి, పరాయి ఇళ్లలో దాచుకున్నవి. అందుకే నిలిచాయి. వంపు తిరిగిన ముక్కు, తలపాగా, గడ్డం, వయసుతో బరువెక్కిన మెడ అన్నీ అందులో కనిపిస్తాయి.

అయితే ఆయన సొంత నగరంలో ఆయన గుర్తు కంచులో లేదు. ఫాతిహ్ మస్జిద్‌లో రోజూ అయిదు పూటలా అజాన్ వినిపిస్తుంది. ఆ ప్రాంగణంలోనే ఆయన సమాధి ఉంది. వచ్చినవాళ్లు అక్కడ ఆగి ఫాతిహా చదివి వెళ్తారు.