అగ్గిపుల్ల లేని దీపం

పిల్లలూ! త్రిక సిద్ధాంతం చదివినవారికి డాబరీనర్ పేరు గుర్తుండే ఉంటుంది. ఆయన 1780లో జర్మనీలో ఒక గుర్రపు బండి తోలేవాడి ఇంట పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రం. చిన్నప్పుడే మందుల కొట్లో పనికి కుదిరి, ఊళ్లు మారుతూ రసాయనశాస్త్రం నేర్చుకున్నాడు. (మనకైతే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తుంది, ఆయనకు అదీ లేదు!) వ్యాపారాలు పెట్టి నష్టపోయాడు. అలాంటివాణ్ణి 1810లో యేనా విశ్వవిద్యాలయం ఆచార్యుడిగా తీసుకుంది. మహాకవి గేటే ఆయనకు అండగా నిలిచాడు.

మన రాయ్‌పూర్ బడి ల్యాబ్‌లో జింకు ముక్కల మీద ఆమ్లం పోస్తే హైడ్రోజన్ వస్తుంది కదా! 1823లో డాబరీనర్ ఆ వాయువును స్పాంజిలా గుల్లగా ఉన్న ప్లాటినం మీదికి వదిలాడు. నిప్పు లేకుండానే మంట లేచింది, ప్లాటినం మాత్రం తరగలేదు. దాన్నే దీపంగా మలిచాడు. పేటెంటు తీసుకోలేదు. ఇలాంటి పదార్థాలకు ఉత్ప్రేరకాలన్న పేరు 1835లో బెర్జీలియస్ పెట్టాడు.

గుల్లగా ఉంటే వాయువు తాకే చోటు ఎక్కువ. నేడు నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి ప్లాటినాన్ని నికెల్ వంటి లోహాలతో కలిపి నానో కణాలుగా చేస్తున్నదీ అందుకే. ఖరీదైన ప్లాటినం కొంచెమే సరిపోతుంది.

డాబరీనర్ 1849లో యేనాలోనే కన్నుమూశాడు. ముప్పై తొమ్మిదేళ్లు ఒకే ఊళ్లో!