కల్నల్ కాలిన్ మెకంజీ

మన గ్రామాల పూర్వచరిత్రను తెలుసుకోగోరే పరిశోధకులు ముందుగా అన్వేషించేవి కైఫియత్తులు. ఒక గ్రామానికి ఆ పేరు ఎలా వచ్చింది, ఆలయాన్ని ఎవరు నిర్మించారు, ఏ ప్రభువు ఎవరికి భూదానం చేశాడు మొదలైన విశేషాలను తెలిపే స్థానిక చరిత్రలే అవి. వాటిని సేకరింపజేసి, భావితరాలకు అందించిన కృషీవలుడు కల్నల్ కాలిన్ మెకంజీ.

మెకంజీ 1754లో స్కాట్లాండులోని లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే పట్టణంలో జన్మించారు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. భూములను కొలవడం, పటాలు తయారుచేయడం ఆయన వృత్తి. ప్రాచీన వస్తువులను సేకరించడం ఆయన ప్రవృత్తి. అయితే దేశభాషలలో ఆయనకు తగిన ప్రవేశం లేదు. ఆ లోటును ఏలూరుకు చెందిన కావలి సోదరులు తీర్చారు. వారిలో బొర్రయ్య 1796లో మెకంజీ వద్ద చేరి, పండితులతో స్నేహం చేసి, పురాతన లిపులను చదవడం అభ్యసించారు. 1803లో ఆయన అకాలమరణం చెందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను స్వీకరించారు.

సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలను పరిశీలించేవారు. శాసనాలకు నకళ్లు వ్రాసుకునేవారు. తాము ఏ ఊరికి వెళ్లిందీ, ఏమి సంపాదించిందీ వివరిస్తూ మెకంజీకి నివేదికలు పంపేవారు. సేకరించిన వస్తువుతోపాటు దాని వివరాన్ని కూడా భద్రపరచడమే ఈ కృషిలోని విశిష్టత.

దాని విలువ అమరావతిలో వెల్లడైంది. మెకంజీ 1798లో అక్కడి స్తూపాన్ని దర్శించారు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితులైన పిదప, మరుసటి సంవత్సరం తిరిగి వచ్చి, చిత్రకారులచే శిల్పాలను చిత్రింపజేశారు. అప్పటికే స్తూపం రాళ్లు నూతన కట్టడాలకూ, సున్నపు బట్టీలకూ తరలిపోతున్నాయి. ఆనాటి శిల్పాలలో కొన్నింటికి నేడు ఆ చిత్రాలే ఆధారం.

మెకంజీ 1821 మే 8న కలకత్తా సమీపంలో కన్నుమూశారు. తన సేకరణకు సమగ్రమైన పట్టికను సిద్ధం చేయాలన్న ఆయన కోరిక నెరవేరలేదు. ప్రభుత్వం లక్ష రూపాయలకు ఆ సేకరణను ఆయన భార్య నుండి కొన్నది. అందులో 1,568 సాహిత్య గ్రంథాలు, 8,076 శాసనాలు, 6,218 నాణేలు ఉన్నాయి. ఇంతటి రాశిలో కావలసినదానిని కనుగొనడం ఎలా? సంస్కృత పండితుడైన హోరేస్ హేమన్ విల్సన్ వ్రాతప్రతులను భాషలవారీగా, విషయాలవారీగా విభజించి, 1828లో రెండు సంపుటాల పట్టికను ప్రకటించారు. దక్షిణభాషలు అంతగా తెలియని ఆయనకు సహాయకులు వ్రాసిన సారాంశాలే ఆధారమయ్యాయి. సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య పలుమార్లు విన్నవించుకున్నా ఆయనకు ఆ అవకాశం లభించలేదు. ఎన్నో ఊళ్ల కథలు సేకరించేవారు లేక మరుగునపడ్డాయి.

మెకంజీ సేకరణ నేడు చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ, బ్రిటిష్ మ్యూజియంలలోనూ చెదరి ఉంది. మ్యూజియంల వస్తువివరాలు ఇప్పుడు కంప్యూటర్లలోకి చేరాయి. దొరికిన స్థలం, కాలం, పదార్థం, సేకరించినవారి పేరు వంటి అంశాలను ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ పోతే వేలకొలది వస్తువుల నుండి కావలసిన కొద్దిపాటి మాత్రమే కళ్లముందు నిలుస్తాయి. కానీ ఏ వస్తువు ఎక్కడ లభించిందో ఆనాడు ఎవరూ వ్రాసి ఉంచకపోతే ఎంతటి యంత్రమైనా దానిని వెదకి ఇవ్వలేదు.

వస్తువును దాచడం ఒక ఎత్తు, దాని వివరాన్ని దాచడం మరొక ఎత్తు. ఎండనక వాననక తిరిగి ఊరి పేరునూ, తేదీనీ శ్రద్ధగా నమోదు చేసిన కావలి సోదరులకూ, వారిని ఆదరించి ప్రోత్సహించిన మెకంజీకీ తెలుగుజాతి ఋణపడి ఉంది.