మన హాస్యనటులు రేలంగి

తెలుగు సినిమాలలో హాస్యం అనగానే మన పెద్దలకు ముందుగా గుర్తుకువచ్చే పేరు రేలంగి. వారి పూర్తి పేరు రేలంగి వెంకట్రామయ్య. 1910లో గోదావరి సీమలోని రావులపాడులో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. తండ్రి హరికథలు చెప్పేవారు, సంగీతం నేర్పేవారు. అందువల్ల రేలంగికి ఇంట్లోనే పాట వంటపట్టింది. కాకినాడలో నాటకాలు ఆడుతూ ఆడవేషాలు కూడా వేశారు.

1935లో 'శ్రీకృష్ణ తులాభారం' చిత్రంతో సినిమాలలోకి వచ్చారు. కాని పేరు వెంటనే రాలేదు. దర్శకులు సి.పుల్లయ్య గారి దగ్గర పనిచేస్తూ, దొరికిన చిన్న వేషమల్లా వేస్తూ 14 సంవత్సరాలు ఓపిక పట్టారు. 1949లో 'గుణసుందరి కథ'తో వారి దశ తిరిగింది. 'మిస్సమ్మ' (1955)లో తన పాటలు తానే పాడుకున్నారు. 'మాయాబజార్' (1957)లో లక్ష్మణ కుమారుడిగా, 'నర్తనశాల' (1963)లో ఉత్తర కుమారుడిగా కడుపుబ్బ నవ్వించారు. 1970లో భారత ప్రభుత్వం వారికి పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 1975 నవంబరు 27న తాడేపల్లిగూడెంలో కన్నుమూశారు.

ఫలక్‌నుమాలోని మా హాస్టల్‌లో నాటిక అంటే అందరమూ హీరో వేషమే అడుగుతాము. నవ్వించే వేషం ఇస్తే చిన్నబుచ్చుకుంటాము. రేలంగి గారు అలాంటి వేషాలతోనే పద్మశ్రీ అందుకున్నారు. తల్లి లేని పిల్లవాడు ఇంతమందిని నవ్వించాడంటే మాకు ఎంతో ధైర్యం కలుగుతుంది. ఏ పని దొరికినా మనసుపెట్టి చేయాలని వారి జీవితం నుండి మేము నేర్చుకున్నాము.