కాచిగూడ పంతులు.. జకార్తా పసిడి: మరపున పడిన శిక్షకుడు రహీం

విశాఖపట్నం: భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఆసియా క్రీడల స్వర్ణాలు రెండే ఉన్నాయి. మొదటిది 1951లో ఢిల్లీలో, రెండోది 1962లో జకార్తాలో లభించాయి. రెండుసార్లూ జట్టుకు శిక్షకుడు ఒక్కరే. ఆయన హైదరాబాద్‌కు చెందిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు, స్థానిక క్లబ్బులకు ఆడారు. ఆటగాడిగా ఆయన పేరు నగరం దాటి పెద్దగా వినిపించలేదు. భారత జట్టు చొక్కా ఆయన ఎన్నడూ ధరించలేదు. పట్టా పుచ్చుకొని కాచిగూడ, చాదర్‌ఘాట్ తదితర పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ డిప్లొమా పొంది పిల్లల ఆటల బాధ్యత స్వీకరించారు. శిక్షకుడిగా ఆయన సాధించిన ప్రతి విజయంలోనూ ఈ పంతులు కనిపిస్తాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయిన ఆయన కన్నుమూసే వరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు.

బలహీనమైన కాలికి పోటీలు

మన కుర్రాళ్లు బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకొని ఒకరి తర్వాత ఒకరిని తప్పించుకుంటూ పోవడమే గొప్పగా భావించేవారు. రహీం దృష్టిలో అది కాలహరణం. అందుకే డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు బాలుర కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. బంతి అందిన వెంటనే సహచరుడికి చేరాలన్నది ఆయన నియమం. వినడానికి చిన్న విషయమే. రెండు కాళ్లూ సమానంగా పలికే ఆటగాళ్లు హైదరాబాద్‌లో తయారైంది ఈ పోటీల్లోనే.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. వృత్తి ఫుట్‌బాల్ అన్నదే లేని కాలమది. ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. కలకత్తా మహా క్లబ్బుల ముందు వీరెవరని లోకం అనుకుంటున్న తరుణంలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును తన్నుకుపోయింది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1959 నుంచి అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా పేరు మార్చుకొని, విశాఖ సహా యావత్ రాష్ట్రం పేరునూ మోస్తూ 1961లో మరోసారి డ్యూరాండ్ గెలిచింది.

సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడిని గుర్తించిందీ రహీమే. శిక్షణకు హైదరాబాద్ వచ్చిపోవడానికి డబ్బు లేదని తెలిసి అద్దె సైకిలుకు ఆయనే సొమ్ము ఇచ్చారు. ఆ కుర్రవాడే తర్వాత రెండు ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు.

ఓటమి నేర్పినది

1951 ఢిల్లీ ఫైనల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌పై గెలిచిన భారత్, మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 1-10 తేడాతో చిత్తయింది. చలిదేశంలో మనవారిలో చాలామంది వట్టి కాళ్లతో బరిలోకి దిగారు. ఆ పరాభవం తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్బోర్న్ నాటికి జట్టు రూపే మారింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆతిథ్య ఆస్ట్రేలియా 2-4తో ఓడింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. తొలి రౌండులో హంగరీ తప్పుకోవడం కలిసివచ్చిన మాట నిజమే గానీ ఆస్ట్రేలియాపై గెలుపు మాత్రం ఎవరూ ఇచ్చిన దానం కాదు. చివరకు నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్‌లో హంగరీతో 1-2తో పోరాడి ఓడి, ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది.

జకార్తాలో ఆఖరి పరీక్ష

1962 నాటికి రహీం క్యాన్సర్ వ్యాధిగ్రస్తుడు. ఆ స్థితిలోనే జట్టును జకార్తా తీసుకువెళ్లారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండ్‌పై గెలిచిన మ్యాచ్‌లో రక్షణ శ్రేణి మూలస్తంభం జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌పై గెలిచాక సెమీఫైనల్లో రహీం ఎవరూ ఊహించని పని చేశారు. తల కుట్లతో ఉన్న ఆ డిఫెండర్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపులో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు.

మైదానం వెలుపల పరిస్థితి మరీ దుర్భరం. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని క్రీడలకు ఆసియా పేరు తగదని భారత ప్రతినిధి జి.డి. సోంధీ అనడంతో స్థానికులు భగ్గుమన్నారు. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. సెప్టెంబర్ 4న ఫైనల్లో లక్షమంది ప్రేక్షకులు ఏకకంఠంతో భారత్‌ను ఎద్దేవా చేశారు. మనవారిని ఉత్సాహపరిచినది పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లే. దేశాల వైరం తెలిసినవారికి ఇది విచిత్రంగా తోస్తుంది. పి.కె. బెనర్జీ తొలి గోల్, జర్నైల్ రెండో గోల్ సాధించగా, తొలి మ్యాచ్‌లో ఓడించిన అదే కొరియా 1-2తో తలవంచింది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. కుమారుడు ఎస్.ఎస్. హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడై, అనంతరం అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకొని 2021లో మరణించారు. రహీం జీవితంపై మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది. శిష్యుడు పి.కె. బెనర్జీ శిక్షకుల్లో ఒకరిగా వెళ్లిన 1970 బ్యాంకాక్ క్రీడల్లో భారత్‌కు కాంస్యం దక్కింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే చివరి పతకం.